మనకు మనమే కోచ్

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఒక షరతు పెట్టారు. "డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి చెప్పడానికి వేరే వక్తలు ఉన్నారు. మీరు మాత్రం మన చేతిలో ఉన్న విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

ఈ రోజు ప్రత్యేకత మీకందరికీ తెలిసిందే. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కిన హక్కని ఆ తీర్పు తేల్చింది. దానితో మనం తల ఎత్తుకొని పెన్షన్ తీసుకోగలుగుతున్నాము. అయితే పెన్షన్‌తోపాటు మనకు మరొకటి కూడా మంజూరైంది. అది కాలం. నేను 2010లో 58 ఏళ్లకు రిటైరయ్యాను. అలా రిటైరైన మనిషి 80 ఏళ్లు జీవిస్తే 22 సంవత్సరాలు చేతిలో ఉన్నట్టు. పూర్తి పెన్షన్‌కు మనం లెక్కగట్టుకున్న సర్వీసు 33 ఏళ్లు. అంటే సర్వీసులో మూడింట రెండు వంతుల కాలం మళ్లీ మన చేతికి వచ్చిందన్నమాట. ఈ కాలాన్ని ఎలా ఖర్చుపెట్టాలో చెప్పే జీవో ఏదీ లేదు.

ఖాళీ అయిన కుర్చీ

సర్వీసులో ఉన్నన్నాళ్లూ మన లక్ష్యాలు మనం పెట్టుకున్నవి కావు. వసూలు ఎంత చేయాలి, పెండింగు ఫైళ్లు ఎన్ని తగ్గించాలి, ఏ తేదీలోగా ఏ స్టేట్‌మెంటు పంపాలి, ఇవన్నీ పైనుంచి వచ్చేవి. నెలాఖరుకు రివ్యూ మీటింగు, ఏడాదికొకసారి ఇన్‌స్పెక్షన్, రహస్య నివేదికలో పై అధికారి మన గురించి రాసే రెండు వాక్యాలు. మనం విసుక్కున్నాము గాని, ఆ చట్రమే మనల్ని నడిపించింది. రిటైరైన రోజు శాలువా కప్పారు, పూలదండ వేశారు, జీపులో ఇంటి దగ్గర దించారు. మర్నాడు పది గంటలయ్యేసరికి ఆ చట్రం లేదు. "ఈ వారం ఏం చేశారు?" అని అడిగేవారే లేరు.

కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది. తరువాత ఆ ఖాళీ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. చాలామంది విషయంలో అక్కడ కూర్చునేది మన బుర్రలోనే ఉన్న ఒక కఠినమైన అధికారి. ఏదైనా కొత్త పని తలపెట్టగానే "ఈ వయసులో నీకెందుకయ్యా?" అంటాడు. "నీ వల్ల ఏమవుతుంది?" అని మెమో మీద మెమో ఇస్తాడు. సంజాయిషీ రాసుకోలేక ఆ పని మానేస్తాము. మరికొందరి విషయంలో ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోతుంది. పేపరు, టీవీ, కునుకు, మళ్లీ టీవీ. ఈ రెండూ కాకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టదగిన మనిషి ఇంకొకరున్నారని నా మనవి. ఆ మనిషి పేరు కోచ్.

కోచ్ ఏం చేస్తాడు?

కోచ్ అంటే మనకు ముందు గుర్తుకొచ్చేది రైలు పెట్టె. ఆ పోలిక తప్పేమీ కాదు. హంగేరీ దేశంలో కోచ్ అనే గ్రామం ఉంది. ఆ ఊళ్లో తయారైన గుర్రపు బండ్లకు ఊరి పేరే వచ్చింది. తరువాత పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటరును సరదాగా కోచ్ అని పిలవడం మొదలుపెట్టారు. మనిషిని ఉన్న చోటు నుంచి చేరవలసిన చోటుకు చేర్చే బండి అన్నమాట.

మన తెలుగువారికి కోచ్ అనగానే పుల్లెల గోపీచంద్ గుర్తుకు వస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు ఆయన పి.వి.సింధు దగ్గర ఫోను మూడు నెలలపాటు తీసుకున్నారని, పోటీలు అయ్యాకే తిరిగి ఇచ్చారని పత్రికల్లో చదివాము. ఆమె వెండి పతకం తెచ్చింది. ఆ ఆటలో ఒక సంగతి గమనించండి. రాకెట్టు పట్టుకునేది కోచ్ కాదు. రియోలో 21 పాయింట్ల గేము ఆడేవారు. ఒకరు 11 పాయింట్లకు చేరగానే 60 సెకన్ల విరామం, గేముకూ గేముకూ మధ్య 120 సెకన్లు. ఆ కొద్ది వ్యవధిలో కోచ్ పాత తప్పులన్నీ ఏకరువు పెడితే ఆట ముందుకు సాగదు. తాను చూసినది చెప్పాలి, తరువాతి పాయింటుకు ఏం మార్చాలో ఒకటి రెండు మాటల్లో చెప్పాలి. అంతే.

1974లో టిమోతీ గాల్వే అనే అమెరికన్ టెన్నిస్ శిక్షకుడు ఒక పుస్తకం రాశాడు. ప్రతి ఆటగాడి లోపలా ఇద్దరుంటారని ఆయన అంటాడు. ఒకడు చెప్పేవాడు, రెండోవాడు చేసేవాడు. చెప్పేవాడు తిట్లు తగ్గించి, ఉన్నది ఉన్నట్టు చూడడం నేర్చుకుంటే, చేసేవాడు తనంతట తానే బాగుపడతాడని ఆయన అనుభవం. మనం కూర్చోబెట్టవలసిన కోచ్ ఇలాంటివాడు. అతను అడుగుతాడు, చూస్తాడు, ఒక చిన్న మార్పు చెబుతాడు.

నాలుగు ప్రశ్నలు

బ్రిటిష్ కార్ల పందాల డ్రైవరు జాన్ విట్‌మోర్ తరువాతి కాలంలో ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే పనిలోకి వచ్చాడు. 1992లో వచ్చిన ఆయన పుస్తకం ద్వారా ఒక నాలుగు ప్రశ్నల పద్ధతి ప్రపంచమంతా తెలిసింది. ఎక్కడికి చేరాలి? ఇప్పుడు ఎక్కడున్నాను? ఏయే దారులున్నాయి? ఏం చేస్తాను, ఎప్పుడు చేస్తాను? ఈ ప్రశ్నలు పెద్ద పెద్ద కంపెనీల మేనేజర్ల కోసం తయారైనా, నాకు మాత్రం వంటింట్లో పనికొచ్చాయి. ఆ సంగతి మనవి చేస్తాను.

2018లో నా భార్య కాలం చేసింది. అప్పటికి నాకు 66 ఏళ్లు. అబ్బాయి పుణెలో, అమ్మాయి డాలస్‌లో ఉన్నారు. కార్యక్రమాలన్నీ అయ్యాక ఇద్దరూ "నాన్నగారూ, మా దగ్గరకు వచ్చేయండి" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కాని నా వీధి, నా స్నేహితులు, ఆవిడ పెంచిన నందివర్ధనం చెట్టు ఇక్కడే ఉన్నాయి. నేను ఇక్కడ ఉండగలనా లేదా అన్నది చివరికి ఒక చిన్న ప్రశ్న దగ్గర ఆగింది. రోజూ అన్నం ఎవరు వండుతారు?

డిసెంబరు మొదటివారంలో ఒక నోటుపుస్తకం తీసి ఆ నాలుగు ప్రశ్నలు రాసుకున్నాను.

మొదటిది, ఎక్కడికి చేరాలి? "వంట నేర్చుకోవాలి" అని రాస్తే అది కోరిక అవుతుంది గాని లక్ష్యం కాదు. కొట్టేసి ఇలా రాశాను: మార్చి 31 నాటికి, ఎవరి సాయమూ లేకుండా, అన్నం, పప్పు, ఒక కూర, చారు మధ్యాహ్నం పన్నెండున్నర లోపల వండగలగాలి. ఆర్థిక సంవత్సరాంతం అంటే మనకు ఒక భయమూ భక్తీ ఉంటాయి కనుక ఆ తేదీ పెట్టుకున్నాను. లక్ష్యానికి తేదీ ఉండాలి, అయిందో లేదో చూసి చెప్పగలిగేట్టుండాలి, మన చేతులతో అయ్యేదిగా ఉండాలి.

రెండోది, ఇప్పుడు ఎక్కడున్నాను? ఇక్కడ పొగడ్తలూ వద్దు, తిట్లూ వద్దు. స్టాకు రిజిస్టరు రాసినట్టు రాయాలి. టీ కాచగలను. పాలు పొంగకుండా చూడగలను. ముదురు బెండకాయ, లేత బెండకాయ తెలుసును, ఎందుకంటే సంచీ మోసినవాణ్ణి నేనే. కుక్కరు మూత పెట్టడం రాదు. ఏ డబ్బాలో ఏముందో తెలియదు. మోకాళ్ల నొప్పివల్ల అరగంటకు మించి నిలబడలేను. ఈ చివరి వాక్యం రాసినందువల్లే పొయ్యి దగ్గరకు ఎత్తయిన స్టూలు వచ్చింది, కూరలు తరగడం డైనింగు టేబులు దగ్గరకు మారింది.

మూడోది, ఏయే దారులున్నాయి? కనీసం అయిదు రాసేవరకూ ఏ ఒక్కదాన్నీ కొట్టెయ్యకూడదన్నది నియమం. వంటమనిషిని పెట్టుకోవడం, క్యారేజీ తెప్పించుకోవడం, పిల్లల దగ్గరకు వెళ్లడం, పక్కింటి అమ్మగారిని అడిగి నేర్చుకోవడం, ఫోనులో యూట్యూబు చూసి నేర్చుకోవడం. అన్నీ రాసి చూస్తే, ఒకదాన్నే పట్టుకోనక్కరలేదని తెలిసింది. మొదటి రెండు నెలలు మధ్యాహ్నం క్యారేజీ, రాత్రికి మాత్రం ఒక్క వంటకం నా చేత్తో. అన్నం కుదిరాక పప్పు, పప్పు కుదిరాక చారు. అనుమానం వస్తే పక్కింటి అమ్మగారు.

నాలుగోది, ఏం చేస్తాను, ఎప్పుడు చేస్తాను? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఒక పరిశోధన వ్యాసంలో ఈ విషయమే చెప్పాడు. "చేయాలి" అనుకొని ఊరుకున్నవారికంటే, "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసుకున్నవారు ఆ పని చేయడం ఎక్కువ. నా ముడి ఇది: సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టగానే గ్లాసు బియ్యం కడిగి నానబెడతాను. దీపం పెట్టడం రోజూ ఉన్నదే. దాని కొంగుకు బియ్యం కడగడాన్ని ముడివేశాను. ఇక "ఇవాళ వండనా, మాననా?" అన్న చర్చ రాలేదు.

నోటుపుస్తకంలో రోజూ రెండే పంక్తులు. ఒకటి, ఏం జరిగింది. రెండు, రేపు ఏం మార్చాలి. ఒక రోజు నమోదు ఇలా ఉంది: "గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. అన్నం ముద్దయింది. బియ్యం కొత్తవి. రేపు గ్లాసున్నర." మరో రోజు: "ఆవాలు చిటపటలాడకముందే కరివేపాకు వేశాను. పోపు వాసన రాలేదు. రేపు ఆవాలు ఆగేదాకా ఆగాలి." ఇందులో "నేను పనికిరానివాణ్ణి" అన్న వాక్యం ఎక్కడా ఉండదు. అది నోటుపుస్తకంలోకి రాకూడదన్నదే నేను పెట్టుకున్న ఏకైక కఠిన నిబంధన.

మార్చి 31న మన సంఘం మిత్రులిద్దరు మా ఇంట్లో భోజనం చేశారు. వారిలో ఒకరు ఈ సభలోనే ఉన్నారు. "చారులో ఉప్పు కాస్త తగ్గిందండీ" అన్నారు. అది కూడా రాసుకున్నాను. అప్పటి నుంచి ఈనాటివరకూ మా ఇంట్లో మధ్యాహ్నం వంట నాదే. నేను నా ఇంట్లోనే ఉన్నాను.

ఎన్నాళ్లు పడుతుంది?

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు స్థిరపడుతుందని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన లెక్క వేరు. ఒక చిన్న అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు తేడా ఉంది. ఇంకొక ఊరట ఏమిటంటే, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. కనుక ఊరెళ్లి వచ్చారనో, జ్వరం వచ్చిందనో మొత్తం పని వదిలెయ్యకండి. సర్వీసులో బ్రేక్ వచ్చినా కాండోన్ చేయించుకున్న రోజులు మనకు తెలుసు. మన ఖాతాలో మనమే కాండోన్ చేసుకోవచ్చు.

మనతో మనం మాట్లాడుకునే తీరు కూడా ముఖ్యమే. మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్ బృందం 2014లో ఒక సంగతి ప్రచురించింది. నలుగురిలో మాట్లాడవలసివచ్చినప్పుడు "నేను ఎలా చేస్తానో" అని మథనపడినవారికంటే, తమను తాము పేరుపెట్టి, ఎదుటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుకున్నవారికి కంగారు తగ్గింది, ప్రసంగమూ మెరుగైంది. నేను వంటింట్లో "ఏమండీ సూపరింటెండెంటు గారూ, ఇప్పుడేం చేద్దాం?" అని అడుగుతూ ఉంటాను. బయటినుంచి వినేవారికి నవ్వు రావచ్చు. పొరుగువాడికి మనం ఎంత ఓపికగా సలహా చెబుతామో, అంత ఓపిక మనమీద మనకు ఉండాలని దాని భావం.

ఇంకొక ఉదాహరణ. మా ఆఫీసులో నాతో పనిచేసిన ఒక మిత్రుడు పోయాక ఆయన భార్యకు కుటుంబ పెన్షన్ వస్తోంది. ఆమెకు 72 ఏళ్లు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎవరో ఒకరి కోసం ఎదురుచూడడం ఆమెకు బాధగా ఉండేది. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో, 2021 నుంచి ఫోనులో ముఖం చూపించి కూడా సర్టిఫికెట్ ఇచ్చే వీలు వచ్చింది. ఒక ఏడాది నేను వారింటికి వెళ్లి ఫోను చేతిలోకి తీసుకోబోతే ఆమె నవ్వుతూ, "అన్నయ్యగారూ, ఈసారి మీరు నొక్కకండి. నేనే నొక్కుతాను. చూస్తూ ఉండండి చాలు" అన్నారు.

"సరేనమ్మా. ముందు ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగాను.

ఆమె ఒక పాత క్యాలెండరు కాగితం వెనుక పెద్ద అక్షరాలతో, ఏ బొమ్మ తరువాత ఏ బొమ్మ నొక్కాలో వరుసగా రాసి పెట్టుకున్నారు. వారం రోజులు రోజుకొక మెట్టు చొప్పున మనవరాలి దగ్గర సాధన చేశారట. కిటికీ వెలుగు ముఖం మీద పడేట్టు కూర్చోవాలని కూడా రాసుకున్నారు. మొదటిసారి ముఖం పట్టలేదు. కళ్లజోడు తీసి, కాగితంలో ఆ మాట కూడా చేర్చి, మళ్లీ ప్రయత్నించారు. రెండోసారికి పని అయిపోయింది. అప్పుడు ఆమె అన్న మాట: "ఇక నేను బతికే ఉన్నానని నేనే చెప్పుకోగలను అన్నయ్యగారూ." కోచింగు అన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు. నాలుగు ప్రశ్నలూ మాత్రం ఆ క్యాలెండరు కాగితంలో ఉన్నాయి.

కొన్ని జాగ్రత్తలు

ఇతరుల చేతిలో ఉన్నదాన్ని మన లక్ష్యంగా రాయకండి. "డి.ఏ. బకాయిలు రావాలి", "అబ్బాయి సంక్రాంతికి రావాలి" ఇవి మన చేతిలో లేవు. "బకాయిల లెక్క వేసుకొని ఫైలులో పెట్టుకుంటాను", "ఆదివారం ఉదయం అబ్బాయికి ఫోను చేస్తాను" ఇవి మన చేతిలో ఉన్నాయి.

ఒక్కసారే నాలుగు లక్ష్యాలు పెట్టుకోకండి. ఒకటి స్థిరపడ్డాక రెండోది. నడక, ఉపవాసం, యోగాసనాలు, బరువు తగ్గడం వంటివాటికి ముందు డాక్టరుగారి సలహా తప్పనిసరి. బీపీ, షుగరు మందులు వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏ పనిమీదా మనసు పోకపోయినా, బతుకు భారం అనిపించినా నోటుపుస్తకం సరిపోదు. అప్పుడు వెంటనే ఇంట్లోవారికి చెప్పాలి, వైద్యుణ్ణి కలవాలి. అందులో నామోషీ ఏమీ లేదు. మంచి కోచ్ కూడా ఆటగాడికి గాయమైతే ముందు డాక్టరును పిలుస్తాడు.

ఇక్కడికి వచ్చిన పిల్లలకు ఒక మాట. మీ అమ్మగారో నాన్నగారో ఏదైనా నేర్చుకుంటుంటే, చేతిలోంచి లాక్కొని చేసిపెట్టడం మీకు తేలికే. ఒక అయిదు నిమిషాలు ఆగి, "తరువాత ఏం చేద్దామంటారు?" అని అడిగి చూడండి. వారికి మీరిచ్చే పెద్ద సాయం అదే.

వారానికొకసారి, ఆదివారం కాఫీ తరువాత, పావుగంట మన రివ్యూ మీటింగు పెట్టుకుందాం. అధ్యక్షులు మనమే, హాజరయ్యేదీ మనమే. ఏం జరిగింది? ఏది పనిచేసింది? వచ్చే వారం ఏ ఒక్కటి మారుస్తాను? మినిట్స్ రెండు పంక్తులు చాలు.

ఈ ప్రసంగం ప్రత్యేక సంచికలో వస్తుందని సంపాదకులు అన్నారు. ఈ పేజీ చివర కొంచెం ఖాళీ వదలమని వారిని కోరాను. చదివాక అక్కడ ఒక లక్ష్యం, ఒక తేదీ, "ఇది జరగగానే అది చేస్తాను" అన్న ఒక వాక్యం మీ చేతిరాతతో రాయండి. పై అధికారి సంతకం అక్కరలేదు.